ఇంటికొచ్చిన సుట్టం మీ లెక్కలో పర్యాటకుడు కాడా?

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ పెద్దలకు, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పర్యాటకం బాధ్యత చూస్తున్న అధికారులకు,



కరువు సీమలో చూడ్డానికి ఏముంది, ఎవరొస్తారు అన్న మాట మాకు కొత్త కాదు. పర్యాటకం గురించి ఏ వేదిక మీద మాట్లాడినా రాష్ట్రమంటే విశాఖ సముద్రం, అరకు లోయ, గోదావరి లంకలు, తిరుమల కొండ. మధ్యలో ఎవరైనా మా పేరెత్తితే లేపాక్షి, పుట్టపర్తి అని రెండు ముక్కలు చెప్పి కాగితం తిప్పేస్తారు. ఎవరొస్తారన్న ప్రశ్నకు మా జవాబు ఒక్కటే: మా సుట్టాలొస్తారు. ఏటా వస్తూనే ఉన్నారు. మీకు కనబడకపోవడానికి కారణం, వాళ్ళు హోటల్ రిజిస్టర్లో సంతకం పెట్టరు. మా డాబాల మీద చాపలు పరుచుకుని పడుకుంటారు.

వాళ్ళ తరఫున, వాళ్ళకు ఆతిథ్యమిస్తున్న ఇళ్ళ తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

2024 డిసెంబరులో ప్రభుత్వం తెచ్చిన 2024-29 పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. మంచిదే. పరిశ్రమ అన్నాక పెట్టుబడి, రాయితీ, స్థలం, గదుల సంఖ్య అన్నీ వస్తాయి. వాటిని తప్పుపట్టను. అయితే ఆ కంటితో మాత్రమే చూస్తే గది తీసుకున్నవాడే పర్యాటకుడవుతాడు. మేనమామ ఇంట్లో దిగినవాడు ఎవరూ కాకుండా పోతాడు. లెక్కలో లేనివాడికి మరుగుదొడ్డి ఎవరు కడతారు? కుళాయి ఎవరు పెడతారు? బస్సు ఎవరు వేస్తారు?

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. పర్యాటక గణాంకాలు ఎలా సేకరించాలో ఐక్యరాజ్యసమితి 2008లో రూపొందించిన సిఫారసుల్లో బంధుమిత్రులను చూడ్డానికి వెళ్ళడాన్ని ప్రయాణ కారణాల్లో ఒకటిగా విడిగా గుర్తించారు. మన దేశంలో 2014-15లో జరిగిన జాతీయ నమూనా సర్వే 72వ విడత కూడా, రాత్రి బస చేసే ప్రయాణాల్లో అత్యధికం సుట్టపుచూపుగానో శుభకార్యానికో వెళ్ళేవేనని తేల్చింది. అంటే ఈ దేశంలో ప్రయాణికుడి అసలు రూపం సుట్టమే. ఆ సుట్టాన్ని పక్కనపెట్టి మీరు ఎవరి కోసం ప్రణాళికలు గీస్తున్నారు?

మా దగ్గరికి వచ్చే సుట్టం ఎవరో కూడా చెప్పాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల ఇది. ఆ వాన కూడా చెనిక్కాయ పూతకొచ్చే వేళకు మొహం చాటేస్తుంది. అప్పుడు ఊళ్ళు బెంగళూరుకు, హైదరాబాదుకు, కేరళకు బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్తాయి. భవన నిర్మాణానికి వెళ్ళినవాళ్ళున్నారు, హోటళ్ళలో చేరినవాళ్ళున్నారు, చదువుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కుదురుకుని అక్కడినుంచి అమెరికా చేరినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరూ సంక్రాంతికి, ఉగాదికి, దసరాకు, వేసవి సెలవులకు తిరిగొస్తారు. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరుకొస్తారు. మొహర్రంలో నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు. భార్య తరఫువాళ్ళను, ఆఫీసు స్నేహితులను, ఈ నేలను ఎన్నడూ చూడని పిల్లలను వెంటబెట్టుకొస్తారు. కరువు ఊరు దాటించిన బిడ్డలు వీళ్ళు. వాళ్ళు తమ పిల్లలకు పుట్టిన సీమను చూపించుకునే నాలుగు రోజులకు పర్యాటకం అనే పేరు తగదా?

వాళ్ళొచ్చినప్పుడు మా ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీ దస్త్రాల్లో ఉండదు కాబట్టి రాస్తున్నాను. ముందు నీళ్ళ లెక్క చూసుకుంటాం. సంపు సగమే ఉంటే ట్యాంకరుకు ఫోను చేస్తాం. పక్కింటి పరుపులు, ఎదురింటి కుర్చీలు మా ఇంటికొస్తాయి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు, తిననివాళ్ళకు చెనిక్కాయల ఊరిబిండి. పండగైతే ఓళిగలు, మీద నెయ్యి. రెండోరోజు పొద్దున టీ తాగుతూ పిల్లలు అడుగుతారు: "మామా, ఈ రోజు యాడికి పోతాం?"

ఆ ప్రశ్న మా ఇంట్లో మాకు ఎదురయ్యేదే. కానీ దానికి జవాబు సిద్ధంగా ఉంచాల్సిన బాధ్యత మీది.

జవాబుకు సరుకు లేదా? ఎంతైనా ఉంది. లేపాక్షి ఒక్కటే తీసుకోండి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కూర్మశైలం మీద కట్టించిన వీరభద్రాలయం. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. 2024 జనవరి 16న ప్రధానమంత్రి అక్కడ పూజ చేసి వెళ్ళారు. మా పిల్లలందరూ చేసే పని ఒక్కటే, నేల తాకీ తాకనట్టున్న ఆ స్తంభం కింది నుంచి తువ్వాలు లాగి చూస్తారు. కానీ తలెత్తితే నాట్యమంటపం కప్పు నిండా గిరిజా కల్యాణం, కిరాతార్జునీయం, వేట. ఆ బొమ్మల్లోని ఆడవాళ్ళ చీరల అంచులు చూడండి. గళ్ళు, చారలు, పూలు, హంసలు. నేతలో ఈనాటికీ లేపాక్షి అంచు అని చెప్పుకునే నమూనాలకు మూలం అక్కడే ఉంది. ధర్మవరం పట్టుచీర కట్టుకుని వచ్చిన మా అత్తమ్మ ఆ కప్పు కింద నిలబడి తన కొంగుకూ ఆ బొమ్మకూ ఉన్న పోలిక తానే పట్టుకుంది. ఆ మాట చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ దొరకలేదు. సెల్‌ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకునేవాళ్ళలో ఎందరికి అది గిరిజ పెళ్ళి అని తెలిసి ఉంటుంది?

ఇంకో మాట. రాష్ట్ర హస్తకళల సంస్థ తన దుకాణాలకు పెట్టుకున్న పేరు లేపాక్షి. పేరు మా ఊరిది తీసుకున్నారు, సంతోషం. మరి మా ఊళ్ళ హస్తకళను మా సుట్టాలకు చూపించే ఏర్పాటు ఏది? ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే పల్లె ఉంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి ఇళ్ళల్లో మేకతోలును శుభ్రం చేసి, పలచగా గీరి, గీతలు గీసి, ఉలితో చిన్నచిన్న రంధ్రాలు పొడిచి, రంగులద్దుతారు. ఆ రంధ్రాల గుండా దీపం వెలుతురు వస్తేనే తెర మీద రాముడి నగలు మెరుస్తాయి. బెంగళూరులో పెరిగిన పిల్లవాడికి అక్కడ గంటసేపు కూర్చోవడం కంటే మంచి విహారం ఏముంది? జాతీయ రహదారి మీద వెళ్ళే వాహనాన్ని ఆ పల్లెవైపు తిప్పడానికి మీరు చేసిన ప్రయత్నమేమిటి?

ఇక అసలు ఇబ్బందికొస్తాను. కుటుంబంతో బయల్దేరిన రోజు మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పొద్దున్నించి నీళ్ళు తాగరు. డ్రైవరు పక్కన రెండు ఇరవై లీటర్ల క్యాన్లు పెట్టుకుని బయల్దేరతాం. చిత్రాన్నం, పెరుగన్నం డబ్బాలకెత్తుతాం. పిల్లలకు, మగవాళ్ళకు గ్లాసులు అందుతాయి. ఆడవాళ్ళు మాత్రం పెదాలు తడుపుకుని ఊరుకుంటారు. ఎందుకో మీకు చెప్పాలా? ఒక కొండకోట దగ్గర మరుగుదొడ్డికి తాళం చూశాం. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఆయన రాలేదన్నారు. ఇంకోచోట తలుపుంది, నీళ్ళు లేవు. మేలో, నలభై డిగ్రీల ఎండలో, షుగరు ఉన్న పెద్దావిడ నాలుక పిడచగట్టుకుపోతున్నా నీళ్ళు వద్దంటుంటే, ఆమెను తీసుకొచ్చినవాడి మనసు ఎలా ఉంటుంది? ఇంత చిన్న విషయమా అని మీకనిపించవచ్చు. మా ఆడవాళ్ళు మళ్ళీ వస్తారా రారా అన్నది తేలేది ఆ తలుపు దగ్గరే.

మా పల్లెల్లో సుట్టం గడప దగ్గరికి రాగానే ముందు చెంబుతో నీళ్ళిస్తాం, కాళ్ళు కడుక్కోవడానికి, ఆ తర్వాత తాగడానికి. బావులెండిన ఏడాది కూడా ఆ చెంబు ఖాళీగా ఉంచలేదు. పర్యాటక స్థలం ప్రభుత్వానికి గడప. ఆ గడప దగ్గర చెంబు ఎవరు పెట్టాలి?

గుత్తి కోట చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. మురారిరావు ఘోర్పడే కోట అది. దాన్ని హైదర్ అలీ నెలల తరబడి ముట్టడించాడు. అంత ఎత్తైన కొండ, ఒకదాని తర్వాత ఒకటి ద్వారాలు, ఫిరంగులకు లొంగని గోడలు. 1776లో ఆ కోట చివరికి లొంగింది పైన నీళ్ళు అయిపోయినందుకు. ఇవాళ ఆ కొండెక్కి, అంచున మురారిరావు కూర్చునేవాడని చెప్పే మంటపం దాకా వెళ్ళిన కుటుంబానికి గుక్కెడు నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా గుత్తి కొండ మీద మనిషిని ఓడించేది దాహమే అయితే, ఆ ఓటమి బాధ్యత ఎవరిది?

అదే గుత్తిలో సర్ థామస్ మన్రోను మొదట పాతిపెట్టారు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి అప్పగించాక అనంతపురం కేంద్రంగా పాలించిన కలెక్టరు ఆయన. మద్రాసు గవర్నరుగా ఉంటూ 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. అంతటి పాలకుణ్ణి కూడా ఈ సీమలో తీసుకుపోయింది నీటి జబ్బే. ఈ కథను అక్కడికొచ్చిన పిల్లలకు తెలుగులో నాలుగు వాక్యాల్లో చెప్పే బోర్డు కావాలి. కట్టడాల సంరక్షణ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉందని మీరంటారని తెలుసు. ఆలయాలు దేవాదాయ శాఖవి, చెట్లు అటవీ శాఖవి, రోడ్లు ఆర్ అండ్ బీవి అనీ అంటారు. మరి అందరినీ ఒకచోట కూర్చోబెట్టే పని ఎవరిది? పర్యాటక శాఖ అనేది అందుకు కాకపోతే ఇంకెందుకు?

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా చీలింది. గుత్తి, తాడిపత్రి, రాయదుర్గం ఒకవైపు. లేపాక్షి, పెనుకొండ, కదిరి, పుట్టపర్తి మరోవైపు. పాలనకు మంచిదే కావచ్చు. కానీ సుట్టానికి సరిహద్దుతో పనేముంది? ఆయనకు అది ఒకే సీమ. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని తెచ్చుకున్న పెనుకొండ, పెమ్మసాని నాయకులు రాతిని మైనంలా చెక్కించిన తాడిపత్రి ఆలయాలు ఒకే చరిత్రలోని వరుస పేజీలు. పెనుకొండలో గగన్ మహల్ చూసి, పార్శ్వనాథ జినాలయంలో నమస్కారం పెట్టి, బాబయ్య దర్గాలో చక్కెర చదివించి, బయటికొస్తే దగ్గర్లోనే 2019 నుంచి కియా కార్లు తయారయ్యే ఫ్యాక్టరీ. ఇన్ని మతాలు, ఇన్ని కాలాలు ఒకే పూటలో చూపించగల ఊళ్ళు రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి? తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గర నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. పక్కన పెన్న ఎండినా ఆ బుగ్గ ఎండదని మా పెద్దలు చెబుతారు. కరువు జిల్లాలో దేవుడి పాదాల దగ్గర ఊట ఉందని మీ ప్రచారంలో ఎప్పుడైనా చెప్పారా?

ఇంకా ఎన్నో ఉన్నాయి. కదిరి నుంచి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో తిమ్మమ్మ మర్రిమాను, దాదాపు ఐదెకరాల నీడ. 1989లో గిన్నిస్ బుక్కులోకెక్కింది. దాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చింది కర్ణాటక పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్ తప్ప మన కార్యాలయాలు కావు. అమరాపురం మండలం హేమావతి నొళంబ పల్లవుల రాజధాని. ఆ శిల్పాలు కొన్ని చూడాలంటే మా పిల్లలు చెన్నై మ్యూజియానికి వెళ్ళాలి. చిలమత్తూరు మండలం వీరాపురం చింతచెట్ల మీదికి ఏటా పెద్ద కొంగలు వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. ఊళ్ళో వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు, రాయి విసరనివ్వరు. పేద పల్లె ఒకటి వలస పక్షులకు ఆతిథ్యమిస్తుంటే, వలసెళ్ళిన మనుషులకు ఆతిథ్యమివ్వడానికి ఒక శాఖకు చేతకాదా?

స్త్రీశక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. మా ఇళ్ళల్లో అది పెద్ద మార్పు. ఇప్పుడు అత్త, కోడలు, ఆడపడుచు కలిసి కదులుతామంటున్నారు. హిందూపురం నుంచి లేపాక్షికి బస్సులున్నాయి, సరే. కానీ పొద్దున అనంతపురంలో ఎక్కి పెనుకొండ, లేపాక్షి చూసి రాత్రికి ఇంటికి చేర్చే బస్సేది? గుంతకల్లులో రైలు దిగిన కుటుంబాన్ని గుత్తికి, తాడిపత్రికి తిప్పి తెచ్చే బస్సేది? బస్సు లేక కారు మాట్లాడుకుంటాం. డీజిలు, డ్రైవరు బత్తా, టోలు కలిపి, మధ్యతరగతి ఇంట్లో ఆ నెల పాల ఖాతా కూడా ఆగిపోతుంది. సుట్టాలు ఇస్తామంటే మేము పుచ్చుకోం. మా మర్యాద మీద బతుకుతున్న పర్యాటకం ఇది. ఎంతకాలం బతుకుతుంది?

బెంగళూరు నుంచి వారాంతాల్లో లేపాక్షికొచ్చే కార్లను చూసి మీరు సంతోషపడుతున్నారేమో. వాళ్ళలో చాలామంది పొద్దునొచ్చి సాయంత్రం వెళ్ళిపోతారు. మా దగ్గర ఖర్చుపెట్టడానికి ఏమీ పెట్టకపోతే వాళ్ళేం చేస్తారు? సుట్టం అలా కాదు. నాలుగు రోజులుంటాడు. ధర్మవరంలో చీర కొంటాడు, కదిరిలో కుంకుమ, మల్లెపూలు కొంటాడు, బస్టాండులో బొరుగులు కట్టించుకుంటాడు, వెళ్ళేటప్పుడు మూటెడు చెనిక్కాయలు డిక్కీలో వేయించుకుంటాడు. ఆ డబ్బు నేరుగా మగ్గం దగ్గరికి, రైతు దగ్గరికి, బండివాడి దగ్గరికి చేరుతుంది. ఒక్క హోటలుకు ఇచ్చే రాయితీలో ఎన్నో వంతు పెడితే ఈ నాలుగు రోజులు ఐదు రోజులవుతాయో ఎప్పుడైనా లెక్క కట్టారా?

సముద్రం లేదు కదా, మనకు సాధ్యమా అంటారా? సముద్రం ఉన్న దేశమొకటి ఏం చేసిందో వినండి. కరీబియన్‌లో బార్బడోస్ అనే ద్వీపం ఉంది. విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు. మా పాత జిల్లా 19 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. బార్బడోస్‌కు కూడా మంచినీళ్ళకు కటకటే. చెప్పుకోదగ్గ నదులు లేవు, సున్నపురాతి కింది భూగర్భజలమే దిక్కు. అక్కడి జనం కూడా మావాళ్ళలాగే బతకడానికి బ్రిటన్‌కు, అమెరికాకు, కెనడాకు వెళ్ళినవాళ్ళే. విహారనౌకలు, సముద్రతీర హోటళ్ళు పుష్కలంగా ఉన్న ఆ దేశం 2020లో ‘వీ గాదరిన్’ పేరుతో వలసెళ్ళిన బిడ్డలందరినీ ఇంటికి పిలిచింది. ద్వీపంలోని 11 పారిష్‌లకు నెలకొకటి చొప్పున పండగలు పెట్టుకుంది. ఈ నెల ఈ ఊరివాళ్ళు రండి, మీ బంధువుల ఇంట్లో దిగండి, మీ పల్లె చూడండి, మీ పిల్లలకు చూపించండి అని ప్రభుత్వమే పిలుపునిచ్చింది. కోవిడ్ వచ్చి మధ్యలో అడ్డుపడింది, అది వేరే మాట. సుట్టపుచూపును దేశ కార్యక్రమంగా చూడొచ్చని ఒక చిన్న ద్వీపానికి తట్టింది. అంత పెద్ద యంత్రాంగం ఉన్న మీకెందుకు తట్టలేదు?

అంత దూరం పోనక్కర్లేదు. మా అనంతపురంలోనే 1969 నుంచి పనిచేస్తున్న విన్సెంట్ ఫెర్రర్ గారి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీకి స్పెయిన్ నుంచి దాతలొస్తుంటారు. తాము చదివిస్తున్న పిల్లల ఊరికి వెళ్తారు, అరుగు మీద కూర్చుంటారు, ఇచ్చింది తింటారు, కంటతడితో వెళ్తారు. వాళ్ళు సముద్రం కోసం రాలేదు, సముద్రం వాళ్ళ దేశంలోనే ఉంది. మనిషి కోసం వచ్చారు. ఈ నేలకు మనుషులే ఆకర్షణ అని స్పెయిన్ వాళ్ళకు అర్థమైంది. అమరావతికి అర్థం కావడానికి ఏం అడ్డం?

పుట్టపర్తి సంగతీ చెప్పుకోవాలి. 2025 నవంబరులో సత్యసాయి బాబా శతజయంతి జరిగినప్పుడు రోడ్లు, బస్సులు, తాగునీరు, మరుగుదొడ్లు అన్నిటిమీదా యంత్రాంగమంతా దృష్టి పెట్టింది. అంటే చేయాలనుకుంటే చేతనవుతుందన్నమాట. ప్రముఖులు వచ్చే వారానికి పనికొచ్చిన చేతులు, ప్రజలు వచ్చే ఏడాది పొడుగునా ఎందుకు ముడుచుకుంటాయి? అదే పుట్టపర్తిలోని సత్యసాయి ట్రస్టు 1990 దశకంలో జిల్లాలో వందల పల్లెలకు తాగునీరు తెచ్చింది. ఊరూరికీ పైపు వేయగలిగిన నేల మీద కోట గుమ్మం దగ్గర ఒక కుళాయి పెట్టడం అసాధ్యమా?

మేము గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. మొదటిది, చూడదగ్గ ప్రతి స్థలం దగ్గర తాగునీరు, నీడ, ఆడవాళ్ళకు నీళ్ళున్న మరుగుదొడ్డి. నిర్వహణ స్థానిక పొదుపు సంఘాల మహిళలకు జీతమిచ్చి అప్పగించండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో గోడ మీద రాయండి. రెండవది, సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో అనంతపురం, హిందూపురం, గుంతకల్లు నుంచి కుటుంబాల కోసం చుట్టుతిరుగుడు బస్సులు. స్త్రీశక్తి వాటికీ వర్తించాలి. మూడవది, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివే పిల్లలకు, ఆయా ఊళ్ళ యువకులకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టండి. వాళ్ళు మా యాసలోనే చెప్పనీయండి. నాలుగవది, రెండు జిల్లాలకూ కలిపి ఒకే పటం, ఒకే సమయాల పట్టిక, తెలుగులో, కన్నడంలో. మా సుట్టాల్లో సగంమంది కన్నడ ఇళ్ళతో వియ్యమందినవాళ్ళే. ఐదవది, లెక్క. ఇళ్ళల్లో దిగే సుట్టాలను లెక్కించే సర్వే ఒకటి పండగ సీజన్లో చేయించండి. మీ వార్డు, గ్రామ సచివాలయాలు ఇంటింటికీ తిరిగి ఎన్నో వివరాలు రాసుకున్నాయి. ఈ ఒక్క ప్రశ్న అడగడానికి ఏం కష్టం?

డబ్బు లేదంటారేమో. పైన చెప్పినవాటిలో భవనాలకు, శంకుస్థాపనలకు అయ్యే ఖర్చు ఎంత? శిలాఫలకం వేసే అవకాశం లేదు కాబట్టే ఇవి వెనకబడ్డాయని మాకు అనుమానం. కుళాయికి ప్రారంభోత్సవం ఉండదు. తలుపుకు రిబ్బను కట్టరు. వాటి అవసరం తెలిసేది ఆ గంటకు అక్కడ నిలబడ్డ మనిషికే.

వచ్చే వేసవి సెలవులు మొదలయ్యేలోగా ఒక పని చేయండి. మీ కార్యాలయం బండి, ఎస్కార్టు, ముందస్తు సమాచారం ఏమీ లేకుండా, మీ అమ్మగారిని, మీ పిల్లలను తీసుకుని మా జిల్లాలకు రండి. లేపాక్షి, గుత్తి, తాడిపత్రి, తిమ్మమ్మ మర్రిమాను చూడండి. మధ్యాహ్నం మీ అమ్మగారు నీళ్ళు తాగారో లేదో గమనించండి. తిరిగి వెళ్ళాక ఈ ఐదు కోరికల్లో ఏది, ఎప్పటికి, ఎవరి బాధ్యతగా చేస్తారో తేదీలు వేసి ప్రజలకు ప్రకటించండి. ఆ ప్రకటన పత్రికల్లో చదివే దాకా మేము అడుగుతూనే ఉంటాం, మా సుట్టాలతో కూడా అడిగిస్తాం. వాళ్ళకు ఇక్కడ ఇళ్ళున్నాయి, చాలామందికి ఓట్లు కూడా ఉన్నాయి.

ఇట్లు,
ఏటా సుట్టాలను వెంటబెట్టుకుని తిరిగే ఒక అనంతపురం గృహస్థుడు